దో. పెంచలయ్య

ఇరవై తొమ్మిదేళ్లు ఆ కుప్పానికి టపా మోశాను.
బోగోలులో సంచి సర్దుకుని
సరుగుడు తోపులు దాటేదాకా సైకిలు నన్ను మోసేది.
అక్కణ్ణించి ఇసకలో దాన్ని నేను మోసేవాణ్ణి.

నూట పన్నెండు గడపలు.
నూటాఆరు దోనెలోళ్లవి.
మిగతా ఆరూ దోనెలోళ్ల అల్లుళ్లవి.

అక్కడ ఇంటిపేరు పలికేవాళ్లు లేరు.
సముద్రంలో మునిగి ఉప్పు కావాలని ఎవడడుగుతాడు?
బడిపంతులు హాజరు పిలుస్తూ
'దో' దగ్గర చుక్కతో సహా మింగేసేవాడు.
కవరు మీద దోనెల అని రాయడమంటే
మనిషి అని రాసి పంపినట్టు.

అందులో పెంచలయ్యలు పదకొండు మంది.
కోనకి మొక్కుకోని తల్లి లేదు మరి,
ఇచ్చిన సామి పేరే పెట్టుకున్నారు.
నేనేం చేసేది?
సర్కారు ఇచ్చిన సంచిలో పట్టని జాబితా
తలలో పెట్టుకుని తిరిగాను:
రేడియో పెంచలయ్య, నత్తి పెంచలయ్య,
గాలివాన నాడు పుట్టిన పెంచలయ్య,
పెళ్లాం మాట వినే పెంచలయ్య
(అట్ట పిలిస్తేనే పలికేవాడు, మురిసిపోతా),
చిన్న పెంచలయ్య, అతని కంటే చిన్న పెంచలయ్య.

ఒక్కసారి తప్పాను.
రేడియో పెంచలయ్యకి కావలి కోర్టు పంపిన సమను
నత్తి పెంచలయ్య చేతిలో పెట్టొచ్చాను.
ఆయన వేలిముద్ర వేశాడు,
ఉన్న ఒక్క తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు,
వాయిదా రోజు పొద్దు వాలేదాకా నిలబడ్డాడు.
నువ్వేనా అని జడ్జిగారు అడిగితే
'దో... దో... దోనెల పెంచలయ్యనే సామీ,
కా... కాదని ఎట్ట చెప్పేది' అన్నాడంట.
ఆ మాట పూర్తయ్యేదాకా
పైన ఫ్యాను తప్ప కోర్టులో ఏదీ కదల్లేదంట.

తర్వాత రేవు పెద్దది చేస్తామని వచ్చారు.
కుప్పం లేచింది.
కొందరు కాలనీ ఇళ్లకి, కొందరు మంగుళూరు బోట్ల మీదికి,
వలలు అమ్మి ఆటోలు కొన్నోళ్లు కొందరు.
కార్డులు తీసే కుర్రాడు తెర ముందు కూచుని
ఒకణ్ణి డోనెల చేశాడు, ఒకణ్ణి దొన్నేల,
మూడోవాడు ధోనిల్ల.
ఒక తల్లి కడుపున పుట్టిన ముగ్గురు
మూడు ఇంటిపేర్లతో మెట్లు దిగారు.
పెళ్లిళ్లకి పిలుచుకోడానికి ఏ ఇబ్బందీ రాలేదు.
పరిహారం లెక్కలో మాత్రం
'మీరు అన్నదమ్ములని రుజువేంది' అన్నారు.
రుజువు చెప్పగలిగే ముసలామె
అప్పటికే సరుగుడు తోపులో పడుకుని ఉంది.

పోయిన ఆషాఢం, నెల్లూరు, పొగతోట.
కంటాసుపత్రి వరండాలో
కళ్లలో చుక్కలు వేసి కూచోబెట్టారు నన్ను.
నర్సు కేకేసింది, 'దోనెల పెంచలయ్య!'

నాకు తెలీకుండానే పక్కకి ఒదిగాను,
ఒక పదిమందైనా లేస్తారు గదా, దారివ్వాలని.
'ఏ పెంచలయ్య?' అని ఎవడో ఒకడు అడుగుతాడని.

కుర్చీలేవీ చప్పుడు చేయలేదు.
కాసేపటికి మూలనుంచి ఒక్కటి కిర్రుమంది.
మసకలో ఒక కుర్రాడు,
మెడలో ఏదో కంపెనీ తాడు.

'ఎప్పుడూ వినలేదే ఈ ఇంటిపేరు' అంది నర్సు.
'భలే ఉంది. ఎంతమంది ఉంటారు మీవాళ్లు?'

అతను వేలు ఒకటి చూపించాడు.
నవ్వాడేమో కూడా, నాకు ఆనలేదు.
తర్వాత నోరు తెరిచాడు.
'మా కా... కా... కాలేజీలో
నే... నేనొక్కడినే మేడం.'

వరండా అంతా ఆగింది, పైన ఫ్యాను తప్ప.

నీళ్లట్యాంకు దాటినాక మూడో గడప.
తలుపుకి అడ్డంగా పీతల బుట్ట ఉంటుంది,
కాలు తగలకుండా జాగ్రత్తగా ఇవ్వాలి.